ధ్యాన్ చంద్: ఆటగాని విలువ కట్టుట యెట్లు?

పువ్వు పుట్టగనే పరిమళించునని మనలో నొక సామెత కలదు. బాలుర యోగ్యతను నిర్ణయింప గూర్చుండిన ప్రతి పెద్దయు, ప్రతి యుపాధ్యాయుడును, ప్రతి ఎంపిక సంఘమును ఈ సామెతనే యాధారముగా గైకొనుట మేము చూచుచున్నాము. పదేండ్ల పిల్లవాడు బంతిని చక్కగా కొట్టినచో వాడు గొప్పవాడగునని చాటుదురు. కొట్టలేనిచో వానిని ప్రక్కకు త్రోసివేయుదురు. ఈ పద్ధతి యెంతవరకు సరియైనదో తెలిసికొనగోరువారు హాకీ యాటయందు భారతదేశమునకు లోకమంతట కీర్తి గడించిన ధ్యాన్ చంద్ జీవితమును పరిశీలింపవలెను. ఆయన జన్మదినమగు ఆగస్టు 29వ తేదిని 2012 నుండి దేశము జాతీయ క్రీడా దినముగా జరుపుకొనుచున్నది. ఆ దినమున సభలు జరుగును, పూలమాలలు పడును. ఆయన యెట్లు గుర్తింపబడెనో, ఎవరిచే గుర్తింపబడెనో, ఎప్పుడెప్పుడు గుర్తింపబడకుండెనో విచారించువారు మాత్రము తక్కువ. ఆ విచారణయే నేటి మా వ్యాసమునకు ప్రయోజనము.

ధ్యాన్ చంద్ 1905వ సంవత్సరము ఆగస్టు 29వ తేదిని ప్రయాగలో జన్మించెను. తండ్రి సమేశ్వర సింగు సైన్యమున కొలువు చేయుచు, తానును హాకీ యాడువాడు. పటాలము కదలినప్పుడెల్ల కుటుంబమును కదలవలసి వచ్చుటచే బాలుని చదువు ఆరవ తరగతితో నిలిచిపోయెను. తుదకు కుటుంబము ఝాన్సీ నగరమున స్థిరపడెను. తండ్రి హాకీ యాటగాడు గదా, కొడుకు ఉయ్యాలలోనే కఱ్ఱ పట్టియుండునని తలచుట సహజము. కాని వాస్తవము వేఱు. బాల్యమున ఆయనకు హాకీపై ప్రత్యేకమైన ఆసక్తి లేకుండెను. మనసు కుస్తీల మీద నుండెను. ఆనాడు ఎంపిక సంఘమొకటి ఝాన్సీకి వచ్చి పదునాలుగేండ్ల బాలురను వరుసగా నిలువబెట్టి పరీక్షించియుండినచో, ఈ బాలుని పేరు వారి పట్టికలో చేరియుండునని మేము తలపజాలము. ఈ పువ్వు పుట్టినప్పుడు పరిమళింపలేదు.

1922వ సంవత్సరము ఆగస్టు 29వ తేదిన, సరిగా పదునేడేండ్లు నిండిననాడు, ఆయన సాధారణ సిపాయిగా బ్రాహ్మణ పటాలమున చేరెను. అక్కడ బాలే తివారీ యను సుబేదారు మేజరు ఉండెను. ఈ తివారీయే ఆయనకు హాకీ యాటయందు ప్రథమ గురువు. ఈనాడు తివారీ పేరు నెఱిగినవారు దేశమున నెందరుందురు? ఒక క్రొత్త సిపాయి చేతికి కఱ్ఱ నిచ్చి, వాని కంటి చురుకును మణికట్టు మెలకువను గుర్తెఱిగి, దినదినమును దగ్గరనుండి నేర్పినవాడు ఆయనయే. పగలంతయు సిపాయికి కొలువు; మైదానములకు దీపములు లేని కాలము. కావున ధ్యాన్ సింగు అను నా యువకుడు వెన్నెల రాత్రులలో ఒంటరిగా బంతి నాడుచు సాధన చేయుచుండెడి వాడనియు, అందువలననే తోడివారు ఆయనను చంద్ అని పిలువసాగిరనియు ప్రసిద్ధి. పుట్టుకతో వచ్చిన పేరు సింగు; సాధనచే వచ్చిన పేరు చంద్. లోకమున నిలిచినది రెండవదియే.

1922 మొదలు 1926 వఱకు ఆయన ఆడినవన్నియు సైనిక పటాలముల పందెములే. పత్రికలు వ్రాయలేదు, పట్టణ జనులు చూడలేదు. జీలము నగరమున జరిగిన పదాతి దళముల పోటీ చివరి యాటలో ఆయన జట్టు రెండు గోలులు వెనుకబడియుండెను. ఇక నాలుగు నిమిషముల కాలమే మిగిలియుండగా ఆయన మూడు గోలులు చేసి జట్టును గెలిపించెను. అప్పటినుండి ఆయనను మాంత్రికుడని పిలువసాగిరి. మా పాఠకులలో వ్యవసాయము గలవారు పెక్కుమంది యున్నారు. సంతలో నెద్దును కొనువాడు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. ఇవి యన్నియు చూడవలసినవే. కాని మెట్టదుక్కిలో ప్రొద్దు నడినెత్తికి వచ్చిన పిదప, తోడియెద్దు వెనుకాడినప్పుడు, ఇది కాడిని లాగునా లేదా యనునది సంతలో తెలియదు. ఆటగాని విషయమును అంతియే. చేతి నేర్పు సులభముగా కనబడును. ఓడుచున్న జట్టులో, కాలము తరిగిపోవుచున్నప్పుడు, వానికి చేయి వణకునా యనునది అట్టి సమయము వచ్చినగాని తెలియదు. జీలమున కనబడినది ఈ రెండవ గుణము.

1926లో భారత సైనిక జట్టు న్యూజీలండునకు వెళ్లెను. సాధారణ సిపాయియగు ధ్యాన్ చందునకు అందు స్థానము లభించెను. ఆ జట్టు 21 ఆటలాడి, 18 గెలిచి, రెండింటిని సమము చేసికొని, ఒకటి మాత్రమే యోడెను. వారు చేసిన గోలులు 192. వారిపై వచ్చినవి 24. ధ్యాన్ చంద్ ఒక్కడే నూఱునకు పైగా గోలులు చేసెను. తిరిగివచ్చిన పిదప ఆయనకు లాన్స్ నాయకు పదవి నిచ్చిరి. సముద్రము దాటి దేశమునకు ఇంత ప్రతిష్ఠ తెచ్చినవానికి దొరికిన హెచ్చింపు ఇది! సైన్యము ఆయన యాట విలువను గుర్తించెను గాని, ఆ విలువను కొలుచుటకు దానికున్న తూనికఱాయి యొక మెట్టు పదవి మాత్రమే.

ఇంతలో 1925లో గ్వాలియరున భారత హాకీ సమాఖ్య యేర్పడెను. 1928లో ఆమ్‌స్టర్‌డామున జరుగనున్న ఒలింపిక్ క్రీడలకు జట్టును పంపవలెనని సమాఖ్య నిశ్చయించెను. ఇంత విశాల దేశమున ఆటగాండ్ర నెట్లు ఏఱవలెను? ఒకరు పంజాబులో ఆడుదురు, మఱియొకరు వంగదేశమున నాడుదురు. ఎవరు ఎవరికన్న మేలో చెప్పగలవారెవరు? సమాఖ్య వారు దీనికి మంచి యుపాయము కనుగొనిరి. కలకత్తాలో అంతర్రాష్ట్ర పోటీ నేర్పాటు చేసి, అందఱను ఒకే మైదానమున, ఒకే కాలమున, ఒకరి కెదురుగ నొకరిని నిలిపి చూచిరి. సంయుక్త రాష్ట్రములు, పంజాబు, వంగదేశము, రాజపుటానా, మధ్యరాష్ట్రములు ఇందు పాల్గొనెను. సైన్యమువారు ధ్యాన్ చందునకు సంయుక్త రాష్ట్రముల పక్షమున నాడుటకు అనుమతి నిచ్చిరి. ఆయన సెంటర్ ఫార్వర్డు స్థానమునను, జార్జి మార్టిన్సు ఇన్‌సైడ్ రైట్ స్థానమునను ఆడి, ఇద్దఱును ఒకే మనసు గలవారివలె బంతి నందించుకొనిరి. చివరి యాటలో సంయుక్త రాష్ట్రముల జట్టు రాజపుటానాను 3-1 గోలులతో నోడించెను. సిఫారసు ఉత్తరములకన్న, హోదాకన్న, మైదానమే మేలైన సాక్షి యని ఈ పోటీ నిరూపించెను.

1928 మార్చి నెలలో జట్టు బొంబాయి రేవునుండి ఓడ యెక్కినప్పుడు సాగనంప వచ్చినవారు ముగ్గురు మాత్రమే. ఆమ్‌స్టర్‌డామున ఈ జట్టు ఆస్ట్రియాను 6-0, బెల్జియమును 9-0, డెన్మార్కును 5-0, స్విట్జర్లండును 6-0 గోలులతో నోడించి, మే 26వ తేదిన చివరి యాటలో హాలండును ఆ దేశపు గడ్డమీదనే 3-0 గోలులతో గెలిచెను. మొత్తము 29 గోలులు చేసి, ఒక్కటైనను తనపై పడనీయలేదు. ఇందు ధ్యాన్ చంద్ చేసినవి 14. ఇచ్చట నొక విషయము స్మరింపదగియున్నది. 1908లో ఇంగ్లండును, 1920లో బ్రిటనును హాకీలో స్వర్ణ పతకమును గైకొనెను. 1928 మొదలు 1936 వఱకు జరిగిన మూడు ఒలింపిక్ క్రీడలలోను బ్రిటను హాకీ జట్టును పంపనేలేదు. పాలకదేశము పాలితదేశముతో మైదానమున దలపడినది 1948లో మాత్రమే. అప్పటికి మనము స్వతంత్రులము. ఆ సంవత్సరము ఆగస్టు 12వ తేదిన వెంబ్లీలో 4-0 గోలులతో ఫలితము తేలెను. ఇక 1928లో విజయులై తిరిగివచ్చిన జట్టును ఎదుర్కొనుటకు బొంబాయి రేవున గొప్ప జనసందోహము చేరెను. సాగనంపినవారు ముగ్గురు, స్వాగతమిచ్చినవారు లెక్కకు మించినవారు. ఆటగాండ్రు వారే, కఱ్ఱలు అవియే. మార్చి నెలలో వారికి లేని విలువ తిరిగివచ్చునప్పటికి ఎక్కడనుండి వచ్చెను? విలువ అప్పుడును వారియందుండెను. చూచు కన్ను మనయందు లేకుండెను.

1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలకు జట్టును ఏఱుటకు మరల అంతర్రాష్ట్ర పోటీ జరిగెను. ధ్యాన్ చంద్ అప్పుడు వజీరిస్థానమున కొలువులో నుండెను. పోటీలో పాల్గొనుటకు సైన్యము ఆయనకు సెలవు నీయలేదు. సమాఖ్య వారు పరీక్ష లేకయే ఆయనను జట్టులో చేర్చుకొనిరి. ఇది న్యాయమా? ఎంతో శ్రమపడి పోటీలో ఆడి, యెంపిక కాకపోయిన సెంటర్ ఫార్వర్డు దీనిని చూచి, నియమము నాకొకటియు వానికొకటియునా యని యడిగినచో, ఆ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు. నియమమును ఒకరికై సడలించినచో రేపు బంధువులకై, మిత్రులకై, కానుక లిచ్చినవారికై సడలింతురు. ఈ భయము నిజమైనదే. అయినను మా యభిప్రాయమున సమాఖ్య చేసినది తప్పు కాదు. పరీక్ష యనునది తెలియనివానిని తెలిసికొనుటకు సాధనము. నాలుగేండ్ల క్రిందట ప్రపంచ పోటీలో 14 గోలులు చేసినవానిని తెలియనివానిగా నెంచి పరీక్షింప గూర్చుండుట నియమ భక్తి కానేరదు. పైగా ఆయన రాకుండుట ఆయన దోషము కాదు. సెలవు నీయనిది సైన్యము. యజమాని తప్పునకు సేవకుని దండించుట ధర్మము కాదు. నియమమును సడలించినవారు కారణమును పదిమంది యెదుట చెప్పగలిగినచో అది న్యాయము. చెప్పలేనిచో అది పక్షపాతము. ధ్యాన్ చంద్ విషయమున కారణము ఎల్లరకును తెలిసినదే.

ఈసారి ఆయన తమ్ముడు రూప్ సింగు కూడ జట్టులోనికి వచ్చెను. అన్న కీర్తి వలన తమ్ముడు వచ్చెనని యనుకొనువారికి రూప్ సింగే మైదానమున సమాధానము చెప్పెను. ఆగస్టు 4వ తేదిన జపానుపై 11-1, ఆగస్టు 11వ తేదిన అమెరికాపై 24-1 గోలులతో భారత జట్టు గెలిచెను. అమెరికాపై రూప్ సింగు 10 గోలులును, ధ్యాన్ చంద్ 8 గోలులును చేసిరి. మొత్తము రెండాటలలో తమ్ముడు చేసినవి 13. అన్న చేసినవి 12. అంకెలను మాత్రమే చూచువాడు, తమ్ముడు అన్నకన్న ఒక గోలు మేలనును. ఆ పోటీకి వచ్చిన జట్లు మూడే యనియు, అమెరికా జట్టునకు ఆట క్రొత్త యనియు ఎఱిగినవాడు అట్లనడు. బలహీనునిపై చేసిన పది గోలులును, బలవంతునిపై చేసిన ఒక్క గోలును ఒకే త్రాసున తూచరాదు. మఱియు సెంటర్ ఫార్వర్డు నలువురు ప్రతిపక్షులను తనవైపునకు లాగి, ఖాళీగా నున్న తోడివానికి బంతి నందించినప్పుడు, గోలు తోడివాని పేర వ్రాయబడును. అందించిన చేతిని ఆనాటి లెక్కల పుస్తకములు వ్రాయలేదు. తోడివారిచే గోలులు చేయించుటయు ధ్యాన్ చంద్ గొప్పతనములో నొక భాగమే.

దీనికి ఆయన జీవితముననే యొక నిదర్శనము కలదు. 1933లో ఆయన స్వస్థలపు జట్టగు ఝాన్సీ హీరోస్ కలకత్తాకు వెళ్లి, ప్రసిద్ధమైన బైటన్ కప్పు పోటీలో చివరి యాటకు వచ్చెను. ఎదుట నిలిచినది బలాఢ్యమైన కలకత్తా కస్టమ్స్ జట్టు. ఝాన్సీ వారు ఒకే యొక్క గోలుతో గెలిచిరి. ఆ గోలు ధ్యాన్ చంద్ అందించిన బంతితో ఇస్మాయిల్ చేసినది. ఇరువది నాలుగు గోలుల యాట నాడినవాడు, ఒలింపిక్ స్వర్ణములు గెలిచినవాడు, తాను జీవితమున ఆడిన యాటలన్నింటిలో ఈ యొక్క గోలు ఆటనే మేలైనదానిగా నెంచెను. తన విలువను తానెట్లు కట్టుకొనెనో దీనివలన తెలియును. సంఖ్యచేత గాక, ఎదుటివాని బలముచేతను, ఇరుగుపొరుగున పెరిగిన తోడివారితో కలిసి చేసిన పనిచేతను ఆయన దానిని కట్టుకొనెను.

1928లో జైపాల్ సింగును, 1932లో లాల్ షా బుఖారీయు నాయకులైరి. జట్టులో మేటియాటగాడు ధ్యాన్ చంద్ అని ఎల్లరును ఎఱుగుదురు. ఆయన మాత్రము నాయకుడు కాలేదు. ఆక్సఫర్డు విద్యాలయమున చదివిన జైపాల్ సింగు యోగ్యతను మేము శంకింపము. మేటియాటగాడే నాయకుడు కావలెనను నియమమును లేదు. కాని చదువు ఆరవ తరగతితో నిలిచిన సిపాయిని నాయకునిగా తలచుటకు ఆ కాలపు పెద్దలకు దీర్ఘకాలము పట్టెననుట నిజము. 1935లో న్యూజీలండు, ఆస్ట్రేలియా యాత్రకు జట్టును పంపునప్పుడు, మాణవదరు నవాబు వెళ్లుటకు నిరాకరించిన పిదపనే ఆయనకు నాయకత్వము దక్కెను. ఆ యాత్రలో జట్టు 48 ఆటలాడి 584 గోలులు చేసెను. వానిలో 201 ధ్యాన్ చందువి. అడిలేడు నగరమున క్రికెటు వీరుడగు బ్రాడ్‌మన్ ఆయన యాటను చూచి ఆయనను కలిసికొనెను. నవాబు నిరాకరింపకుండినచో ధ్యాన్ చంద్ నాయకత్వ శక్తి యెన్నడైనను వెల్లడియై యుండెడిదా? అవకాశము లేక వెల్లడికాని శక్తులు మన దేశమున నెన్ని యున్నవో లెక్కించినవారు లేరు.

1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలు వచ్చెను. మరల అంతర్రాష్ట్ర పోటీకి సెలవు దొరకలేదు; మరల పరీక్ష లేకయే ఆయనను తీసికొని, ఈసారి నాయకునిగా చేసిరి. కాని ఈ జట్టు ప్రయాణము శుభముగా ఆరంభము కాలేదు. బయలుదేరుటకు ముందు జూన్ 16వ తేదిన ఢిల్లీ జట్టు చేతిలో 4-1 గోలులతో ఓడిపోయెను. బెర్లిను చేరిన పిదప జూలై 17వ తేదిన జర్మనీతో ఆడిన అభ్యాసపు ఆటలోను అంతే గోలులతో ఓడెను. నాయకుడు కలవరపడెను. ఇన్‌సైడ్ స్థానమున లోపము కనబడెను. ఎంపికలో పొరపాటు జరిగినదని యొప్పుకొనుట ఏ యెంపిక సంఘమునకును ఇష్టము కాదు; తామెంచినవానిని సమర్థించుకొనుచు పోటీని పోగొట్టుకొనినవారు పెక్కుమంది. అధికారులు అట్లు చేయలేదు. దారా యను సైనికుని విమానమున పంపుడని తంతి యిచ్చిరి. ఆయన ఫ్రాన్సుతో జరుగనున్న ఉపాంత్యపు ఆట సమయమునకు వచ్చి చేరెను. ఆ యాటలో జట్టు 10-0 గోలులతో గెలిచెను. ఈ దారాయే 1948లో పాకిస్థాను జట్టునకు నాయకుడయ్యెను. తప్పు చేయని యెంపిక సంఘము లోకమున లేదు. తప్పును సకాలమున దిద్దుకొనునదియే మంచి సంఘము.

చివరి యాట జర్మనీతో. అది ఆగస్టు 14వ తేదిన జరుగవలసియుండగా, వర్షముచే ఆగి, మఱునాడు, అనగా ఆగస్టు 15వ తేదిన జరిగెను. నెల క్రిందట ఓడించినవారే యెదుట నున్నారు, నేల తడిసియున్నది, మైదానము వారిది. ఆటకు ముందు, దుస్తులు మార్చుకొను గదిలో, ఉపనిర్వాహకుడగు పంకజ్ గుప్త కాంగ్రెసు మువ్వన్నె జెండాను తీసి యెదుట నిలిపెను. హిందువులు, ముస్లిములు, సిక్కులు, ఆంగ్లో ఇండియనులు గల యా జట్టు మౌనముగా దానికి వందన మాచరించెను. బ్రిటిషు జెండా క్రింద ఊరేగవలసిన యాటగాండ్రు, నాయకుడు మొదలు పలువురు ప్రభుత్వపు కొలువున నున్నవారు, ఆ గదిలో తమ హృదయమునందలి జెండాకు మ్రొక్కిరి. తర్వాత మైదానమునకు నడచిరి. మొదటి సగమున ఒక్క గోలు మాత్రమే దొరకెను. రెండవ సగమున ధ్యాన్ చంద్ మేకులు గల బూట్లను విడిచి, ఆ తడినేలపై చురుకుగా కదలి యాడెను. 8-1 గోలులతో భారతదేశము గెలిచెను. ఆ పోటీయంతటిలో మనపై పడినది ఆ యొక్క గోలే. సరిగా పదునొకండేండ్ల తరువాత అదే తేదిన ఆ మువ్వన్నెలు స్వతంత్ర దేశపు పతాకమున నెగసెను.

తరువాత ప్రపంచ యుద్ధము వచ్చి 1940, 1944 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలు జరుగలేదు. 1947లో తూర్పు ఆఫ్రికాయందలి ఆసియా వాసుల క్రీడా సంఘము భారతదేశమునుండి జట్టును పంపుమని కోరుచు, ధ్యాన్ చంద్ జట్టులో లేనిచో ఆ జట్టు తమకక్కఱలేదని నియమము పెట్టెను. అప్పటికి ఆయన వయస్సు నలుబదిరెండు. ఆ వయస్సున ఆటగాని నెంచుట బుద్ధిమంతుల పని కాదని లెక్కలు తెలిసినవారందురు. ఆయన వెళ్లి 22 ఆటలలో 61 గోలులు చేసి తిరిగివచ్చి, 1948లో పెద్ద పోటీలనుండి విరమించెను. పరదేశమున నున్న మనవారు ఆయనను కోరినది గోలులకు మాత్రమే కాదు. తమ దేశమువాడు తమ కన్నులయెదుట ఆడుట చూడవలెనని వారు కోరిరి. ఆ విలువను ఏ లెక్కల పుస్తకమున వ్రాయగలము?

1952లో ఆయన స్వీయచరిత్ర మన చెన్నపట్టణముననే స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్ వారిచే ప్రకటింపబడెను. దాని పేరు గోల్. 1956లో ఆయన సైన్యమునుండి విరమించెను. ఆ సంవత్సరమే పద్మభూషణ బిరుదమును పొందెను. పిమ్మట పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థలో హాకీ శిక్షకుడుగా నుండి, బాలే తివారీ తనకు చేసినదానిని ఇతరులకు చేసెను. 1975లో కౌలాలంపూరున ప్రపంచ కప్పు చివరి యాటలో పాకిస్థానుపై గెలుపు గోలును చేసినవాడు ఆయన కుమారుడగు అశోక్ కుమారే. మఱుసటి సంవత్సరమే మాంట్రియలు ఒలింపిక్ క్రీడలలో మన జట్టు ఏడవ స్థానమునకు దిగజారుటను కూడ ఆయన చూడవలసి వచ్చెను. కడపటి దినములు సుఖముగా గడువలేదు. ధనమునకు ఇబ్బంది, ఆరోగ్యము చెడెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో సాధారణ రోగుల వార్డులో చేర్పబడి, 1979వ సంవత్సరము డిసెంబరు 3వ తేదిన కాలేయపు క్యాన్సరుచే కన్నుమూసెను. ఝాన్సీ హీరోస్ మైదానముననే ఆయనకు అంత్యక్రియలు జరిగెను. ఆయన ఏ మట్టిపై ఆడెనో ఆ మట్టియే ఆయనను తనలోనికి తీసికొనెను.

ఆ తరువాత గౌరవములు వచ్చెను. 2002లో ఢిల్లీయందలి జాతీయ క్రీడాస్థలమునకు ఆయన పేరు పెట్టిరి. 2021లో దేశపు అత్యున్నత క్రీడా పురస్కారమగు ఖేల్ రత్నకు ఆయన పేరు చేర్చిరి. 2014లో మొట్టమొదటిసారి ఒక క్రీడాకారునకు భారతరత్న మొసగినప్పుడు అది క్రికెటు ఆటగాడగు టెండూల్కరునకు దక్కెను. ఆయన యోగ్యతను మేము తక్కువ చేయము. ఆనాడు ధ్యాన్ చందును తలచుకొని మనసు నొచ్చుకొనినవారు మాత్రము పెక్కుమంది. మరణించినవానికి పేరు పెట్టుట సులభము. బ్రదికియున్నవానికి మందిప్పించుట కష్టము. రెండవదానిని చేయనివారు మొదటిదానిని ఎంత వైభవముగా చేసినను ఋణము తీఱదు.

2013లో ఆరంభమైన హాకీ ఇండియా లీగున ఆటగాండ్రను వేలమున కొనసాగిరి. ఆటగానికి ధనము రావలెననుటలో మాకు భేదాభిప్రాయము లేదు. ధ్యాన్ చంద్ కడపటి దినముల నెఱిగినవారెవరును ఆ ధనమును దూషింపజాలరు. కాని వేలమున పలికినది వెల. అది విలువ కాదు. వెల కొనువాని యవసరమునుబట్టి, చేతిలోని సొమ్మునుబట్టి, ఆనాటి గాలినిబట్టి పెరుగును, తఱుగును. విలువ ఆటగానియందే యుండును. దానిని కనుగొనుటకు కాలము కావలెను, ఓర్పు కావలెను, బలవంతుని యెదుట నిలిపి చూచుట కావలెను, తోడివారిని వాడెట్లు మేలైనవారిగా చేయునో కనిపెట్టు కన్ను కావలెను.

ఈ కన్ను మన యూళ్లలో నెందరికి గలదు? హాకీ మన ప్రాంతమునకు పరాయి యాట కాదు. హైదరాబాదు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడెను. ఆంధ్రదేశమునుండి వెళ్లిన రజని భారత మహిళా జట్టులో గోలు కాపరిగా నుండెను. వీరిని ఎవరో యొకరు ఏదో యొక మైదానమున ముందుగా చూచియుండవలెను గదా! మన గ్రామములలో భూములు గల పెద్దలు ఆటకొఱకు ఒక యెకరమును విడుచుటకు వెనుకాడుచుందురు. పట్టణములలో నున్నవారు పాఠశాల మైదానమున గదులు కట్టుటను అభివృద్ధి యని తలచుచుందురు. చోటు లేనిచో ఆట లేదు. ఆట లేనిచో పరీక్ష లేదు. పరీక్ష లేనిచో విలువ తెలియు మార్గము లేదు.

పదునేడేండ్ల వఱకు పరిమళింపని యా పువ్వు, ఒక సుబేదారు చేతిలో విచ్చి పెక్కు ఖండములలో గుబాళించెను. కావున పదేండ్ల బాలుని చూచి వీడు పనికిరాడని తీర్పు చెప్పబోవు పెద్దలు ఒక్క క్షణము ఆగి ధ్యాన్ చందును తలచుకొందురుగాక. మనకు ధ్యాన్ చందులు లేరని విలపించువారికి మా మనవి యొక్కటే: ముందు మనలో బాలే తివారీలు కావలెను. ఆగస్టు 29వ తేదిన పూలమాల వేయు ప్రతి చేయియు, ఆ సంవత్సరములో ఒక బాలుని చేతికైనను కఱ్ఱ నిచ్చి, నాలుగేండ్లు ఓపికతో వానిని కనిపెట్టియుండినచో, ఆ మహనీయునకు చేయదగిన పూజ యదియే.